రంగు రావొద్దు

కుక్కర్ మూడో విజిల్ వేసేదాకా సుప్రజ ఎవరితోనూ మాట్లాడదు. డైరెక్టర్ గారే వచ్చి పలకరించినా సరే, చేయెత్తి ఆగమంటుంది. అది పప్పు కుక్కరు కాదు మరి. అందులో ఉడికేవి గాజు స్లైడ్లు. వాటిమీద మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల పొరలు, ఉల్లిపొర కన్నా పల్చనివి. మూడు విజిళ్లకు ఒకటి ఎక్కువైతే పొర ఊడి నీళ్లలో తేలుతుంది, ఒకటి తక్కువైతే రంగు పట్టదు. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో దీనికి మిషన్లున్నాయట. ఉండనివ్వండి. మేడ్చల్ దాటాక హైవే పక్కన గుట్టల మధ్య లేచిన ఈ ఆస్పత్రిలో మాత్రం ఐదు లీటర్ల కుక్కరూ, ఒక కరెంటు పొయ్యీ, సుప్రజా ఉన్నారు. రెండువేల ఐదు ఏప్రిల్ నాటికి అదే గొప్ప.

ఆ మంగళవారం పొద్దున రెండో విజిల్‌కే వెనకనుంచి గొంతు వినపడింది.

"మేడం, నా బిడ్డదేనా అండ్ల ఉడుకుతున్నది?"

ఇంకెవరైనా అయితే సుప్రజ కసురుకునేది. అడిగింది వజ్రమ్మ. తొమ్మిదేళ్లుగా ఈ ల్యాబులో ఆయా. దేవరయాంజాల్‌లో పొద్దున్నే బయల్దేరి, రెండు షేర్ ఆటోలు మారి, ఏడున్నరకల్లా వచ్చి గది ఊడ్చి, సీసాలు కడిగి, సుప్రజ వచ్చేసరికి టీ కూడా పెట్టి ఉంచే మనిషి. దుండిగల్ దగ్గరి కొత్త కాలనీ నుంచి స్కూటీ మీద వచ్చే సుప్రజకు ఆ టీ పడితే గాని చేతుల్లోకి కుదురు రాదు.

"అవును వజ్రమ్మా. రోజారాణిదే."

"రంగు రాదు గదా?"

మూడో విజిల్ వచ్చింది. సుప్రజ పొయ్యి కట్టేసింది.

రోజారాణి వజ్రమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఇరవయ్యేళ్లది, డిగ్రీ చదువుతోంది. మెడలో నిమ్మకాయంత గడ్డ లేస్తే, రెండు వారాల కిందట ఇదే ఆస్పత్రిలో ఆ పక్క థైరాయిడ్‌ను తీసేశారు. తీసిన గడ్డ తిన్నగా ఈ ల్యాబుకే వచ్చింది. వజ్రమ్మ కడిగిపెట్టిన పళ్లెంలోనే పెట్టి సుప్రజ దాన్ని కోసింది. మైనంలో పొదిగి, పదకొండు వందల నలభై ఏడు అని నంబరు వేసింది. తెలిసిన పిల్ల గడ్డను తల్లి కళ్లముందే కోయడమంత పాడు ఉద్యోగం ఇంకోటి ఉంటుందా? ఉండదు. ఆ రోజు సుప్రజ ఇంటికెళ్లి అన్నం తినలేదు.

మామూలు రంగు వేసిన స్లైడులో ల్యాబు పెద్ద డాక్టర్ ఫణిభూషణ్ ఒక చోట ఆగిపోయాడు. గడ్డ చుట్టూ ఉన్న గోడలో చిన్న సందు, ఆ సందులో ముద్దగా కూర్చున్న గడ్డ కణాలు. ఆ సందు రక్తనాళమైతే, గడ్డ నాళంలోకి దూరినట్టే. అంటే క్యాన్సర్. మిగిలిన సగం థైరాయిడ్ కూడా తీసెయ్యాలి, ఆ తర్వాత అయోడిన్ మందు తాగించాలి. అలా కాక అది ముక్కను కోసేటప్పుడు పడ్డ ఉత్త చీలిక అయితే, గడ్డ మామూలుదే. పిల్ల ఇంటికెళ్లి హాయిగా పరీక్షలు రాసుకోవచ్చు. చిక్కేమిటంటే, చీలికా నాళమూ మామూలు రంగులో ఒక్కలాగే కనపడతాయి.

అందుకే ఈ పరీక్ష. నాళాల లోపలి గోడలో పరుచుకుని ఉండే కణాలను మాత్రమే వెతికి అంటుకునే యాంటీబాడీ ఒకటుంది. ముంబై నుంచి ఐసులో పెట్టి పంపిస్తారు. అది అంటుకున్నచోటల్లా ఆఖరికి గోధుమరంగు తేలుతుంది. సందు చుట్టూ గోధుమ గీత వస్తే అది నాళం. రాకపోతే చీలిక. సుప్రజ ఈ సంగతి నాలుగు రోజుల కిందట వజ్రమ్మకు విడమర్చి చెప్పింది. వజ్రమ్మ అంతా విని, తనకు కావాల్సినది మాత్రం పట్టుకుంది.

"అంటే రంగు రావొద్దు."

అప్పట్నుంచి బల్లలు తుడుస్తూ అదే మాట, సీసాలు కడుగుతూ అదే మాట. ఈ రోజు పిల్లను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. మెడకు తెల్ల పట్టీ, భుజాల మీద ఆకుపచ్చ చున్నీ, ల్యాబు బయట బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది రోజారాణి. ఆపరేషన్ చేసిన సర్జన్ వారానికి ఒక్క మంగళవారమే, సాయంత్రం నాలుగింటికి, ఓపీలో కూర్చుంటాడు. ఈలోగా రిపోర్టు వెళ్లాలి. యాంటీబాడీ సీసా అడుగున ఉన్నది నాలుగు స్లైడ్లకు వస్తే అదృష్టం. కొత్తది రావడానికి మూడు వారాలు.

స్లైడ్లు చల్లారాక సుప్రజ వాటిని కడిగి, చదునైన స్టీలు డబ్బాలో పేర్చింది. అడుగున తడి దూది, పైన రెండు గాజు కడ్డీలు, కడ్డీల మీద మూడు స్లైడ్లు. స్లైడుకు ఒక కొసన నంబరు రాయడానికి గరుకు చోటు ఉంటుంది, ల్యాబులో దాన్ని తల అంటారు. మూడు తలలూ గోడవైపు ఉండేలా పెట్టింది. కుడివైపున రోజారాణి అసలు స్లైడు. నడుమ ఎవరిదో గొంతులోంచి తీసిన టాన్సిల్ ముక్క. దానినిండా నాళాలే కాబట్టి యాంటీబాడీ పనిచేసిందీ లేనిదీ అది చెబుతుంది, సాక్షి అన్నమాట. ఎడమవైపున మళ్లీ రోజారాణి ముక్కే, కాని దానికి యాంటీబాడీ వెయ్యరు, ఉప్పునీళ్లే వేస్తారు. మందు పడకుండానే రంగు తేలితే అది దొంగ రంగు అని పట్టుకోవడానికి. దాని తలమీద నంబరు కింద పెన్సిలుతో చిన్న సున్నా చుడతారు. ఎడమ సున్నా, నడుమ సాక్షి, కుడి అసలు. ఆరేళ్లుగా సుప్రజ చేతికి అదే వరస.

అప్పుడే ఫోను మోగింది. ఆపరేషన్ థియేటర్ నుంచి. ఎవరిదో రొమ్ములో ముక్క తీశారు, దానికి ఎటు పైనో ఎటు కిందో చూపించి ఇవ్వాలి, టెక్నీషియనే రావాలి, జల్దీ. సుప్రజ డబ్బాకు మూత పెట్టి పరుగెత్తింది.

రెండంతస్తులు ఎక్కి, దిగి వచ్చేసరికి పావుగంట. ఈలోగా కరెంటు పోయింది. కరెంటుకు ఎవరి గోడూ పట్టదు కదా. జనరేటర్ థియేటర్‌కే గాని ల్యాబుకు రాదు. గది మసకగా ఉంది. వజ్రమ్మ మూలన తడిగుడ్డ పిండుతోంది. సుప్రజ డబ్బా మూత తీసింది. స్లైడ్లు ఆరిపోతున్నాయేమోనని ప్రాణం కొట్టుకుంటోంది, ఆరితే అన్నీ పోయినట్టే. కుడిదానికీ నడిమిదానికీ యాంటీబాడీ, ఎడమదానికి ఉప్పునీళ్లు. ఒక చుక్క జారి తలమీద పడితే బొటనవేలితో తుడిచింది. మూత పెట్టేసింది.

తలలు చదివి చుక్క వేయడం పద్ధతి. వెలుతురు లేదు, టైము లేదు. చదవలేదు.

పదకొండున్నరకు కరెంటు వచ్చింది. పన్నెండింటికి మూడు స్లైడ్లూ పూర్తయ్యాయి. ఫణిభూషణ్ ముందు సాక్షి స్లైడు చూశాడు. టాన్సిల్‌లో నాళాలన్నీ గోధుమరంగులో, గీసినంత శుభ్రంగా తేలాయి.

"బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా," అన్నాడు. ఆయన నోట ఆ మాట ఏడాదికోసారి వస్తుంది. రిపోర్టులో ఒక్క కామా తప్పినా చించి మొహాన కొట్టే మనిషి.

తర్వాత సున్నా లేని పదకొండు నలభై ఏడు పెట్టాడు. సందు దగ్గరకు తెచ్చాడు. వజ్రమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతుల్లో చీపురు. పైన దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి ఝుమ్మంటూ పోయింది.

"లేదు," అన్నాడు ఫణిభూషణ్. తల ఎత్తి గుమ్మం వైపు చూశాడు. "వజ్రమ్మా, రంగు రాలేదు. గడ్డ మామూలుదే. ఇక ఏ భయమూ లేదు."

చీపురు కింద పడింది. వజ్రమ్మ ముందు నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది, ఆ తర్వాత రెండూ కలిపి చేసింది. "సారూ, మీ కడుపు సల్లగుండ" అంటూ ఆయన కాళ్ల మీద పడబోతే ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మరుక్షణం ఆమె బయట ఉంది. "రోజా! ఏం లేదటనే! రంగు రాలేదటనే!" అన్న కేక కారిడార్ చివరిదాకా వినపడింది. ఫణిభూషణ్ టైపిస్టుకు రిపోర్టు చెప్పడానికి తన గదిలోకి వెళ్లాడు, ఈల వేసుకుంటూ.

సుప్రజ కూడా ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగింది. అయినా ఆ మంచి వార్తను తన కళ్లతో కూడా ఒకసారి చూసుకోవాలనిపించింది. అంతే, వేరే ఉద్దేశం లేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

సందు చుట్టూ నీలం, తెలుపు. గోధుమ లేదు. సంతోషం. స్లైడును మెల్లగా పక్కకు జరిపింది. గడ్డ గోడ బయట, కొవ్వులో, ఎర్ర రక్తకణాలు నిండిన నాళం ఒకటి కనపడింది. ఇది నాళమా చీలికా అని ఎవరూ అడగక్కర్లేదు, రక్తం లోపలే ఉంది.

దాని చుట్టూ కూడా గోధుమ లేదు.

ఇంకొంచెం జరిపింది. ఇంకో నాళం. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. ఏ మనిషి ముక్కలోనైనా మామూలు నాళాలు ఉంటాయి, మందు పడితే అవి గోధుమరంగుకు తిరిగి తీరాలి. అవే తిరగలేదంటే ఈ స్లైడు మీద అసలు మందే పడలేదు. మందు పడని స్లైడులో రంగు రాకపోవడం వార్తే కాదు. అది మంచీ కాదు, చెడూ కాదు. ఏమీ చూడనట్టే లెక్క.

"నోరు తెరువుండ్రి మేడం."

ఉలిక్కిపడింది. వజ్రమ్మ పక్కనే నిలబడి ఉంది, క్యాంటీన్ నుంచి తెచ్చిన చక్కెర పొట్లంతో. మొహం వెలిగిపోతోంది. "స్వీట్లు రేపు దెస్త. ఇయ్యాల సక్కెరే. అందరికి పోసిన, నా బిడ్డకు రెండుసార్లు పోసిన. మీరే మిగిలిన్రు."

సుప్రజ వద్దనేలోపే వజ్రమ్మ చిటికెడు చక్కెర ఆమె నాలుక మీద వేసి, చెంప నిమిరి, పొట్లం పట్టుకుని ఎక్స్‌రే వాళ్ల దగ్గరకు వెళ్లిపోయింది. చక్కెర నోట్లో కరుగుతోంది.

సున్నా స్లైడు పక్క ట్రేలో పడి ఉంది. అసలుదానిలో రంగు రాకపోతే దాన్ని ఎవరూ పరకాయించి చూడరు. సాయంత్రం చెత్త డబ్బాలోకి పోతుంది. ఇప్పుడు తను కూడా చూడకుండా అందులో పడేస్తే? ఏమీ కాదు. వచ్చే నెల తన కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాల్సిన ఫణిభూషణ్‌కు కోపం రాదు. వజ్రమ్మ రేపు స్వీట్లు తెస్తుంది. రోజారాణి పరీక్షలు రాస్తుంది. ఆ తర్వాత ఏడాదికో, రెండేళ్లకో... సుప్రజ అక్కడ ఆలోచన ఆపేసి స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

కొవ్వులోని నాళం, గోధుమ. పక్క నాళం, గోధుమ. సున్నా స్లైడుకు ఉప్పునీళ్లు తప్ప ఏమీ పడకూడదు. యాంటీబాడీ అంతా దీనిమీదే పడింది.

సందు దగ్గరకు జరపడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. జరిపింది. గడ్డ కణాల ముద్ద మధ్యలో ఉంది. దాని చుట్టూ, ఎక్కడా తెగకుండా, గోధుమరంగు గీత.

"అయ్యో దేవుడా," అంది పైకే.

ఎలా జరిగిందో అప్పుడు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. తలమీద పడిన చుక్కను బొటనవేలితో తుడిచింది కదా. ఆ తల గోడవైపు కదా ఉండాలి? గోడవైపు ఉంటే చేయి సాచి తుడవాలి. తను చేయి సాచలేదు. తలలు తనవైపే ఉన్నాయి. కంటికి ఆనింది, బుర్రకు ఆనలేదు. డబ్బా తిరిగి ఉంది. కుడిది ఎడమకు పోయింది, ఎడమది కుడికి వచ్చింది. నడుమ ఉన్న సాక్షి నడుమనే ఉండిపోయింది, అందుకే నమ్మించింది.

సుప్రజ రెండు స్లైడ్లూ తీసుకుని ఫణిభూషణ్ గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ రిపోర్టు ఆపండి. స్లైడ్లు తారుమారయ్యాయి. నేను తలలు చదవకుండా చుక్కలు వేశాను. తప్పు నాదే."

ఆయన మొహం ఎర్రబడింది. అరిచాడు. ఆరేళ్ల అనుభవమేమైందన్నాడు, ఏ భయమూ లేదని తల్లికి చెప్పేశాను కదా అన్నాడు, ఇప్పుడు ఆ మనిషి మొహం ఎలా చూడాలన్నాడు. సుప్రజ తల దించుకుని అన్నీ భరించింది. తర్వాత ఆయన తన మైక్రోస్కోపులో మొదటి స్లైడు పెట్టాడు, కొవ్వులో నాళాలు వెతికాడు, చాలాసేపు చూశాడు. గొంతు తగ్గింది.

"నేనూ చూడలేదమ్మా వీటిని. ముందు చూడాల్సినవే ఇవి. లేదని తేలాలనుకున్నాను, సందు చూసి లేచిపోయాను."

రెండో స్లైడూ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తారుమారయ్యాయని నువ్వు అనుకుంటున్నావు. అనుకున్నదాని మీద ఒక పిల్ల మెడ మళ్లీ కోయమని సంతకం పెట్టలేను. మళ్లీ చెయ్యి. మందు ఉందా?"

"రెండు స్లైడ్లకు ఉంది."

"అయితే ఈసారి తప్పడానికి వీల్లేదు. సర్జన్‌ను ఐదింటిదాకా ఆపుతాను. డబ్బా ఎందుకు తిరిగిందో కనుక్కో. వజ్రమ్మకు మాత్రం ఇప్పుడే ఏం చెప్పకు."

చెప్పకుండా ఎలా కనుక్కోవాలో మాత్రం ఆయన చెప్పలేదు. పెద్దవాళ్లకు అదొక సుఖం.

వజ్రమ్మ ల్యాబులో మడతపెట్టిన చక్కెర పొట్లాన్ని అల్మరాలో దాస్తోంది. సుప్రజ తలుపు దగ్గరకు వేసింది.

"వజ్రమ్మా, పొద్దున నేను పైకి వెళ్లినప్పుడు ఆ డబ్బా ముట్టుకున్నావా?"

వజ్రమ్మ చేయి అల్మరాలోనే ఆగింది. "ముట్టుకున్న."

"ఏం చేశావు?"

"ఏం జెయ్యలే మేడం. మూత జరంత తీసి సూసిన. నంబరు సూసిన. పదకొండు నలభై ఏడు, నాకు నోటికొచ్చు. నా పిల్లనే పండుకున్నట్టు కొట్టింది కండ్లకు. గా తల ఉత్తరం దిక్కున్నది. బతికున్న పిల్లను ఉత్తరం తల వెట్టి పండవెడ్తరా? పానం ఊకోలే. డబ్బా మొత్తం ఇటుదిక్కు తిప్పిన. ఏది కదలనియ్యలే, సుక్క నీళ్లు తొణకలే. గంతే మేడం, నా బిడ్డ మీద ఒట్టు."

సుప్రజకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఉన్నావు, దేన్నీ కదపొద్దని వందసార్లు చెప్పాను, నీకు బుద్ధుందా అని నోటిదాకా వచ్చింది. గోడవైపు చూసింది. నిజమే, అది ఉత్తరం గోడ. తెనాలిలో చిన్నప్పుడు నిద్రలో దొర్లి తను ఉత్తరానికి తల పెడితే, అమ్మమ్మ లేచి, రెండు కాళ్లూ పట్టుకుని చాపతో సహా ఈడ్చి తిప్పేది. పొద్దున్నే లేచి చూసుకుంటే తల వేరే దిక్కున ఉండేది. నోటిదాకా వచ్చింది నోట్లోనే ఆగిపోయింది.

"ఏమైంది మేడం?" వజ్రమ్మ గొంతు మారింది. "ఎందుకడుగుతున్నరు?"

సుప్రజ చెప్పింది. దాచి లాభం లేదు, తన మొహమే చెప్పేస్తోంది. ఏ చుక్క ఏ స్లైడు మీద పడిందో చెప్పింది, డాక్టరు చూసినదానిమీద మందే లేదని చెప్పింది, మళ్లీ చెయ్యాలని చెప్పింది. రెండో స్లైడులో తను చూసింది మాత్రం చెప్పలేకపోయింది.

వజ్రమ్మ అల్మరాకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"మంచిగున్నదన్నరు గద సారు. నేను అందరికి జెప్పిన. దాని నోట్ల సక్కెర వోసిన." తల ఎత్తింది. "గా రెండోదాంట్ల రంగొచ్చింది. ఔనా?"

సుప్రజ మెల్లగా తలూపింది.

"నేను తిప్పినందుకేనా? ఊకె ఉంటే రాకపోవునా?"

"కాదు." సుప్రజ ఆమె ముందు నేలమీద కూర్చుంది. "వజ్రమ్మా, ఇటు చూడు. నువ్వు తిప్పినా తిప్పకపోయినా ఆ ముక్కలో ఉన్నది ఉన్నట్టే ఉంది. నువ్వు దానికి ఏమీ చెయ్యలేదు. చదవకుండా చుక్క వేసింది నేను."

"నాకు మస్తు భయమైతాంది బిడ్డా." ఆరేళ్లలో ఆమె సుప్రజను మేడం అనకపోవడం అదే మొదలు.

"నాకూ భయంగానే ఉంది. లే. ఈసారి నువ్వు నా పక్కన ఉండాలి."

ముందురోజు కోసి ఉంచిన పొరల్లో రోజారాణివి రెండే మిగిలాయి. కుక్కర్ మళ్లీ పొయ్యి ఎక్కింది. మూడు విజిళ్లు ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు, వజ్రమ్మ వేళ్లు మడుస్తూ. స్లైడ్లు చల్లారాయి. సుప్రజ డబ్బాలో కొత్త దూది తడిపి వేసింది, మూడు స్లైడ్లనూ పేర్చింది. అలవాటుగా తలలు గోడవైపు వచ్చాయి. వజ్రమ్మ చూసింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, పెదవి బిగపట్టి ఊరుకుంది. ముట్టుకోలేదు, అడగనూ లేదు.

సుప్రజ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, తనే తిప్పింది. తలలు దక్షిణానికి వచ్చాయి.

వజ్రమ్మ కళ్లు నిండాయి.

"ఇప్పుడు చదువు," అంది సుప్రజ. "గట్టిగా."

వజ్రమ్మ ఒంగింది. "పదకొండు నలభై ఏడు. కింద సున్న ఉన్నది."

ఉప్పునీళ్ల చుక్క.

"ఇది?"

"గిది గొంతుది. మనది గాదు."

యాంటీబాడీ చుక్క.

"ఇది?"

"పదకొండు నలభై ఏడు." మళ్లీ ఒంగి చూసింది. "సున్న లేదు. ఇది నా బిడ్డదే."

సీసాలో ఉన్నదంతా ఆ స్లైడు మీద వేసింది సుప్రజ. సీసా ఖాళీ అయింది.

ఇక గంట ఆగాలి. ఆ గంటలో కరెంటు ఒకసారి మినుకుమంది, పోలేదు. సుప్రజ డబ్బా పక్కనుంచి లేవలేదు, ఫోను మోగితే ఎత్తలేదు. బయట బెంచీ మీద రోజారాణి ఎవరో స్నేహితురాలితో నవ్వుతూ మాట్లాడుతున్న చప్పుడు తలుపు సందులోంచి వస్తూనే ఉంది. ఆ నవ్వు వినపడినప్పుడల్లా వజ్రమ్మ తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

నాలుగున్నరకు స్లైడ్లు పూర్తయ్యాయి. ఫణిభూషణ్ ఈసారి ఈల వేయలేదు, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ముందు సాక్షి. తర్వాత సున్నా స్లైడు, అది ఖాళీ. తర్వాత అసలుది. మొదట కొవ్వులో నాళాలు చూశాడు. "ఇవి వచ్చాయి," అన్నాడు. ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు మెల్లగా జరుపుతూ పోయాడు. ఆ తర్వాత సందు దగ్గర ఆగాడు.

రాకూడదు, రాకూడదు అని లోపల అనుకుంటున్నది తనేనని సుప్రజకు కాసేపటికి గాని తెలియలేదు.

"ఉంది," అన్నాడు ఫణిభూషణ్.

వజ్రమ్మ గోడకు ఆనుకోలేదు, కింద పడలేదు. నిలబడే ఉంది.

ఆయన కుర్చీ ఆమెవైపు తిప్పాడు. "వజ్రమ్మా, మధ్యాహ్నం తొందరపడి చెప్పాను. నన్ను మన్నించు. ఇది క్యాన్సరే. కాని ఒక్కచోట, ఒక్క చిన్న నాళంలోకే దూరింది. తొందరగా దొరికింది. మిగిలిన సగం కూడా తీసేసి, అయోడిన్ మందు ఇస్తారు. ఈ జబ్బుకు ఆ మందు బాగా పనిచేస్తుంది. ఇలా దొరికినవాళ్లలో చాలామంది ఏళ్లకేళ్లు బాగానే ఉంటారు. ఇది నేను ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు."

"నేనొకసారి సూస్తా సారూ?"

ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. తొమ్మిదేళ్లుగా రోజూ తుడిచే మైక్రోస్కోపులోకి వజ్రమ్మ మొదటిసారి కన్ను పెట్టింది. సుప్రజ ఆమె భుజం మీదుగా చేయి పెట్టి స్పష్టంగా కనపడేలా మర తిప్పింది.

"గీ సన్నపు గీతనా?"

"అదే."

"గిది కనవడకపోతే ఏమైతుండె?"

సుప్రజే చెప్పింది. "ఏమీ లేదని ఇంటికి పంపేసేవాళ్లం. మళ్లీ వచ్చేసరికి ఇంకెక్కడికి పాకి ఉండేదో."

వజ్రమ్మ ఇంకా అందులోకే చూస్తోంది. నాలుగు రోజులుగా ఏ రంగు రావొద్దని మొక్కిందో ఆ రంగునే చూస్తోంది. చాలాసేపటికి లేచి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"ఐదు కాకముందే సర్జన్ సారుకు కాయిదం పంపుండ్రి. జల్దీ తీసెయ్యిమనుండ్రి."

ఫణిభూషణ్ అక్కడికక్కడే చేత్తో రాసి సంతకం పెట్టాడు. సుప్రజ ఆ కాగితం అందుకుంది. తలుపు అవతల రోజారాణి ఇంకా నవ్వుతూనే ఉంది.

"నువ్వు కూర్చో వజ్రమ్మా. పిల్లకు నేను చెప్తాను," అంది.

వజ్రమ్మ తల అడ్డంగా ఊపింది. అల్మరా తీసి, మధ్యాహ్నం దాచిన చక్కెర పొట్లాన్ని బయటికి తీసి, బల్లమీద సుప్రజ ముందు పెట్టింది.

"వద్దు మేడం. దాని నోట్ల గిది వోసింది నేను. గీ మాట గూడ నేనే జెప్త."

తలుపు తీసుకుని వెళ్లి, బెంచీ మీద కూతురి పక్కన కూర్చుంది.